ఆ గుంట ఎటు చూస్తోంది?

"ఏందిరా ఇది? దిగుడుబావి తవ్వినావా?"

కంటి ఆపరేషన్ అయిన మూడో రోజు, మా హాల్లో టేబుల్ ముందు నిలబడి, నల్లద్దాలు కాస్త పైకెత్తి చూసి పెదనాన్న అన్న మొదటి మాట ఇది. ఆ టేబుల్ మీద ఉన్నది నా నాలుగు నెలల శని, ఆదివారాలు. ఫిరంగి గుండ్లు పడి చితికిపోయిన ఒక కొండవాలు. అందులో తొమ్మిది గుంటలు. పెదనాన్నకి చెప్పకుండా, పెదనాన్న కోసమే చేశాను. ఆపరేషన్‌కి ఊరి నుంచి హైదరాబాద్ వస్తున్నాడని తెలిసి ఆఖరి వారం రాత్రుళ్లు కూడా కూర్చుని పూర్తి చేశా. మెచ్చుకుంటాడనుకున్నా. బావి అన్నాడు.

ముందు ఈ డయోరమా సంగతి చెప్పాలి. మన ఇళ్లలో దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెడతారు కదా, డయోరమా దానికి దూరపు చుట్టం. కాకపోతే కొలువులో రాముడి పక్కన పోలీసు, పోలీసు పక్కన కూరగాయలమ్మాయి ఉన్నా ఎవరూ అడగరు. డయోరమాలో అన్నీ ఒకే చోటివి, ఒకే నిమిషానివి అయ్యుండాలి. నేను చేసేది 1:35 స్కేలులో. అంటే నిజంలో 35 సెంటీమీటర్లు ఉన్నది నా బల్ల మీద ఒక్క సెంటీమీటరు. అయిదడుగుల ఎనిమిదంగుళాల జవాను అటూ ఇటూగా అయిదు సెంటీమీటర్లు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా చేసిన పని సాయంత్రానికి ల్యాప్‌టాప్ మూత కింద మాయమైపోతుంది. చేత్తో తడిమి చూసుకునేది ఒక్కటైనా ఉండాలని బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఒక ట్యాంకు కిట్ కొన్నా. అలా అలవాటైంది. ట్యాంకులు, జీపులు అతికించడం పెద్ద కష్టం కాదు, కిట్‌లో వచ్చిన కాగితం చూసి చేసుకుంటూ పోవచ్చు. కష్టమంతా వాటి కింద ఉండే నేలతోనే. నేలకి కిట్ రాదు.

ఈసారి తీసుకున్నది కార్గిల్. 1999 జూన్, ద్రాస్ పైనున్న తోలోలింగ్ వాలు. ఆ యుద్ధం నాటికి నాకు రెండేళ్లు. పెదనాన్న ఆర్టిలరీలో నాయక్. గిద్దలూరు దగ్గర మా ఊళ్లో, ఇంటి నడవలో ఒక ఫొటో ఉంటుంది. ఫిరంగి ముందు అయిదుగురు నవ్వుతూ నిలబడి ఉంటారు. మా ఇంట్లో కార్గిల్ అంటే అంతే, ఆ ఒక్క ఫొటో. హవల్దార్‌గా రిటైరై, ఒక బ్యాంకులో గార్డుగా చేసి, ఇప్పుడు నిమ్మచెట్లు చూసుకుంటున్న మనిషి నోట యుద్ధం గురించి నేనెప్పుడూ గట్టిగా నాలుగు మాటలు వినలేదు.

నీళ్లు యాడివిరా ఆడ?

బావి అన్నందుకు కారణం లెక్క వేస్తే తెలిసింది. నా గుంటల్లో పెద్దది 12 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు. 35తో గుణించండి. నాలుగు మీటర్ల పైన వెడల్పు, రెండు మీటర్ల పైన లోతు. బోఫోర్స్ లాంటి 155 ఎంఎం ఫిరంగి షెల్ సుమారు 43 కిలోలు ఉంటుంది. అందులో పేలుడు మందు ఏడెనిమిది కిలోలే, మిగతాదంతా ఉక్కు. నేలను తాకగానే పేలే ఫ్యూజ్ పెడితే మామూలు నేల మీద పడే గుంట రెండు మీటర్ల లోపు వెడల్పు, అర మీటరు లోతు ఉంటుంది. నా స్కేలులో అయిదున్నర సెంటీమీటర్లు, లోతు సెంటీమీటరున్నర. అదీ మట్టి నేల మీద. ద్రాస్ పైన ఉన్నది మట్టి కాదు, రాయి. అక్కడ లోతు ఇంకా తక్కువ.

రెండో తప్పు ఇంకా ఘోరం. నా తొమ్మిది గుంటల్లో నాలుగింట్లో నీళ్లు ఉన్నాయి. రెసిన్ పోసి, ఆకుపచ్చ రంగు కలిపి, అద్దంలా మెరిసేట్టు చేశాను. ఆ నీళ్ల మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

"నీళ్లు యాడివిరా ఆడ? తాగడానికి మంచు కరిగించుకున్నాం."

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. బెల్జియం నుంచి. గుంటలు ఎలా చెయ్యాలో నేర్చుకున్న వీడియోలన్నీ మొదటి ప్రపంచ యుద్ధానివి. అందులోనూ ఎక్కువ పాషెన్‌డేల్‌వి. 1917 జులై 31న మొదలై నవంబర్ 10 దాకా సాగిన ఆ పోరులో కాలాళ్లు కదలకముందే బ్రిటిష్ ఫిరంగులు 40 లక్షలకు పైగా షెల్స్ కురిపించాయి. ఫ్లాండర్స్‌ది పల్లపు బంకనేల, కాలవలు తవ్వి నీళ్లు బయటికి పంపితేనే బతికే నేల. ఆ కాలవలన్నీ షెల్స్‌కి ఛిద్రమైపోయాయి, పైనుంచి ఆగస్టు వానలు. ప్రతి గుంటా ఒక మడుగైంది. సైనికులు, గుర్రాలు బురదలో మునిగి చచ్చిపోయిన చోటది. ఆ ఫొటోలు ప్రపంచం మొత్తానికి షెల్ గుంట అంటే ఇదే అని ఒక ముద్ర వేసేశాయి. నేను పదివేల అడుగులకు పైన, ఎండిన రాతి కొండ మీద, బెల్జియం బురద తెచ్చి పోశాను. కోడ్‌లో ఇలాంటివి చాలా చూస్తుంటాం. ఎవరిదో కాపీ చేస్తాం, అది మన దగ్గర ఎందుకు నడవాలో ఆలోచించం.

మూడో తప్పు పెదనాన్న చెప్పలేదు, నాకే కనపడింది. గుంటలన్నీ గుండ్రంగా, చుట్టూ ఎత్తుగా గట్టుతో, అచ్చం పళ్లెంలో పేర్చిన గారెల్లా ఉన్నాయి. ఈ హాబీలో కొత్తవాళ్లందరూ చేసేదే. నేల మీద పిండిని గుండ్రంగా అంటించి, మధ్యలో వేలుతో నొక్కుతాం. నిజం గుంటకి అంత గట్టు ఉండదు. లేచిన మట్టి చాలా వరకు ఎగిరి దూరంగా పడిపోతుంది.

అడగాలనుకున్నది అడిగేశా. "మీరు కొట్టినవి ఎలా ఉండేవి పెదనాన్నా?"

"మేం కొట్టినవి నేను సూళ్లేదు."

నాకు అర్థం కాలేదు. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ 2,50,000కు పైగా షెల్స్, బాంబులు, రాకెట్లు ప్రయోగించింది. టైగర్ హిల్ తిరిగి మన చేతికొచ్చిన రోజున 9,000 షెల్స్ పేల్చారని లెక్క. పాయింట్ 5140కి 2022లో గన్ హిల్ అని పేరు పెట్టింది కూడా ఆ గన్నర్ల గౌరవార్థమే. ఇవన్నీ నేను చదివి ఉన్నాను. చదవనిది ఒకటే: ఫిరంగి దగ్గరున్నవాడు ఫిరంగి దగ్గరే ఉంటాడు. ద్రాస్‌లో రోడ్డు పక్కన నిలబెట్టి నేరుగా శిఖరానికి గురిపెట్టి కొట్టినప్పుడు పైన పొగ, దుమ్ము లేవడం కనిపించేదట. అంతే. ఆ దుమ్ము కింద నేల ఏమైందో చూసింది ఎక్కి వెళ్లిన ఇన్‌ఫాంట్రీ వాళ్లు. జూన్ 13న తోలోలింగ్ దక్కిందని వీళ్లకి వైర్‌లెస్‌లో తెలిసింది.

"మరి గుంట ఇలా ఉండదని నీకెట్టా తెలుసు?"

"మా మీద పడినవి సూసినా కదా."

పేపరు మీద రెక్కలు

ఆ మాటతో ఆగిపోతాడనుకున్నా. ఎప్పుడూ అలాగే ఆగిపోయేవాడు. కానీ కళ్లకి నల్లద్దాలు, టీవీ చూడొద్దని, వంగొద్దని డాక్టరు చెప్పాడు, మనిషికి తోచడం లేదు. పక్కనున్న పాత పేపరు తీసుకుని దాని అంచు మీద పెన్సిల్‌తో గీయడం మొదలుపెట్టాడు.

మధ్యలో చిన్న గుంట. దానికి కుడి ఎడమల పక్షి రెక్కలు చాచినట్టు రెండు గీతల గుంపులు. గుంట ముందు వైపు, చిన్న చాలు లాంటి గీత.

షెల్ ఏటవాలుగా వచ్చి తాకగానే పేలిందనుకోండి. దాని ముక్కు, తోక కన్నా పక్కల ఉక్కే ఎక్కువ. అందుకని ముక్కలు ఎక్కువగా రెండు పక్కలకీ చిమ్ముతాయి, నేలను గీరుకుంటూ పోతాయి. అవే ఆ రెక్కలు. ముక్కు దగ్గరుండే ఫ్యూజ్ మాత్రం వచ్చిన ఊపులోనే ముందుకు దూసుకెళ్లి నేలలో చాలు తీస్తుంది. గుంట మధ్య నుంచి ఆ చాలు దాకా దారం లాగి పట్టుకుంటే షెల్ ఎటు పోతోందో తెలుస్తుంది. అదే దారం వెంబడి వెనక్కి కంపాస్ పెట్టి చూస్తే ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. రెండు మూడు గుంటల నుంచి అలా గీతలు గీసి, మ్యాపు మీద అవి ఎక్కడ కలుస్తాయో చూస్తే, అవతలి ఫిరంగి ఆ చుట్టుపక్కలే. దొరికిన ఉక్కు ముక్క వంపు కొలిస్తే అది ఏ సైజు షెల్లో కూడా చెప్పొచ్చు. షెల్ బాగా నిలువుగా దిగితే మాత్రం రెక్కలు పోయి గుంట గుండ్రమవుతుంది, అప్పుడు దిక్కు పట్టడం కష్టం.

దీన్ని క్రేటర్ అనాలిసిస్ అంటారు. ప్రపంచంలో ప్రతి సైన్యం నేర్పుతుంది. కానీ కార్గిల్‌లో దీనికి ఇంకో అవసరం ఉంది. ఎగిరొచ్చే షెల్ దారిని పట్టి ఫిరంగి ఎక్కడుందో చెప్పే వెపన్ లొకేటింగ్ రాడార్లు అప్పుడు పాకిస్తాన్ దగ్గర ఉన్నాయి, మన దగ్గర లేవు. మనం అమెరికా నుంచి కొన్నది ఆ తర్వాతే. కాబట్టి మనవాళ్లు గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దారాలు లాగారు.

నా తొమ్మిది గుంటలకీ దిక్కు లేదని అప్పుడు తట్టింది. ఎటు నుంచి ఎవరు కొట్టారు అని ఎవరైనా అడిగితే నా కొండవాలు దగ్గర జవాబు లేదు.

ఇంకోటి కూడా చెప్పాడు, ఈ హాబీ ఉన్నవాళ్లకి పనికొస్తుంది. గుంట రూపం షెల్ సైజు కన్నా ఫ్యూజ్‌ని బట్టే ఎక్కువ మారుతుంది. తాకగానే పేలితే నిస్సారమైన గుంట, పొడుగాటి రెక్కలు. కాస్త ఆలస్యంగా పేలేట్టు పెడితే నేలలోకి దిగి పేలి మట్టిని పైకి ఎత్తిపోస్తుంది, అప్పుడే నిజంగా పెద్ద గొయ్యి. గాలిలోనే పేలే ఫ్యూజ్ అయితే గుంటే ఉండదు, కింద నేలంతా మశూచి మచ్చల్లా చిన్న చిన్న దెబ్బలు. రాతి నేల మీదైతే ఉక్కుతో పాటు రాతి పెచ్చులూ ఎగిరి మనుషుల్ని కొడతాయి. మెత్తటి మంచులో పడితే చాలా ముక్కలు ఆ మంచులోనే ఆగిపోతాయి.

ముగ్గు చెయ్యి

మా హాబీ గ్రూపు ప్రదర్శనకి ఇంకా మూడు వారాలుంది. పాతది పీకేద్దామనుకున్నా. రెసిన్ నీళ్లు ఊడి రాలేదు, సుత్తి తీసుకుని బోర్డు మొత్తం పగలగొట్టా. బాధగా ఉందా అంటే ఉంది.

కొత్తది 30 బై 40 సెంటీమీటర్ల ప్లైవుడ్. కొండవాలు వద్దనుకున్నా. ద్రాస్‌లో రోడ్డు పక్కన గన్ పొజిషన్, ఒకే ఒక్క గుంట. ప్లైవుడ్ మీద నాలుగు సెంటీమీటర్ల మందం గట్టి ఫోమ్ షీట్. గుంట చెయ్యాలంటే ముందు తవ్వడానికి నేల ఉండాలి, పైన అతికించేది గారె అవుతుంది. కత్తితో ఫోమ్‌ని చెక్కి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫెవికాల్, క్రషర్ డస్ట్ కలిపి పూశా. క్రషర్ డస్ట్ మా అపార్ట్‌మెంట్ పక్కన కడుతున్న ఇంటి దగ్గర అడిగి తెచ్చుకున్నదే. టీ వడకట్టే జల్లెడతో, పిండి జల్లెడతో మూడు సైజులుగా వేరు చేశా. పిండి జల్లెడ పెద్దమ్మ చూడకుండా కడిగి పెట్టేశాననుకున్నా గానీ చూసింది.

పూత పది నిమిషాలు తడిగా ఉంటుంది. గుంట ఆ పది నిమిషాల్లోనే పడాలి. చెంచా వీపుతో నొక్కి, స్ట్రాతో మధ్య నుంచి రెండు పక్కలకీ ఊదాలి. అంచులు చిరిగినట్టు రావాలి, నున్నగా రాకూడదు. దీనికి ముందు ట్రేలో ముగ్గుపిండి పోసి ఓ ముప్పై సార్లు ఊది చూసుకున్నా. హాలంతా తెల్లటి దుమ్ము. "ఆయన కంట్లో పడితే డాక్టరుకేం చెప్పాలిరా, నువ్వే చెప్తావా?" అని పెద్దమ్మ అరిచి, పెదనాన్నని తీసుకెళ్లి బెడ్‌రూమ్‌లో కూర్చోబెట్టింది. ఆయన అక్కడి నుంచే "ఎంత లోతు పెట్టినావ్?" అని కేకలు.

గుంట బాగానే వచ్చింది. రెక్కలు రాలేదు. ఊదితే దుమ్ము మబ్బులా పరుచుకుంటోంది తప్ప గీతలు పడటం లేదు. బ్రష్‌తో గీస్తే గీసినట్టే ఉంది. నా తంటాలు చూస్తూ నిలబడ్డ పెద్దమ్మ కాసేపటికి "జరుగు" అంది. ఎండిన క్రషర్ పొడి చిటికెలోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారవిడుస్తూ గుంట అంచు నుంచి బయటికి లాగింది. మొదట మందంగా, పోను పోను సన్నబడి, చివర్లో ఉందా లేదా అన్నట్టు. నలభై ఏళ్లుగా రోజూ వాకిట్లో గీసిన చెయ్యి అది. రెండు పక్కలా ఇరవై గీతలు రెండు నిమిషాల్లో వేసేసింది. ఏం వేస్తోందో తెలుసో లేదో, నేను అడగలేదు. వాటి మీద ఫెవికాల్ నీళ్లు స్ప్రే చేశా. ఆ నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ ఒక చుక్క వెయ్యాలి, లేకపోతే నీళ్లు ముత్యాల్లా నిలబడి పొడిని చెదరగొట్టేస్తాయి.

రాళ్లకి అక్వేరియం గులకరాళ్లు వాడొద్దు. అవి నీళ్లలో నున్నబడినవి, పేలుడులో పగిలినవి అలా ఉండవు. నేను రాయిని గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి వాడాను. పెద్దవి గుంట దగ్గర, చిన్నవి దూరంగా, ఒకటి రెండు పెద్దవి మాత్రం ఎక్కడో విసిరేసినట్టు. ఇక రంగు. నేను మొదటిసారి గుంటలన్నిటికీ నల్లరంగు దట్టించాను, బొగ్గు కుంపటిలా. టీఎన్‌టీ పేలితే మసి వచ్చే మాట నిజమే, కానీ అది పైపైన పొడి, గాలికి పోతుంది. ఎండకీ మంచుకీ మాగిపోయిన రాతి పైభాగం ముదురు గోధుమరంగు. పగిలిన లోపలి ముఖం లేత బూడిదరంగు. కాబట్టి కొత్త గుంట చుట్టుపక్కల నేలకన్నా తెల్లగా ఉంటుంది. మసి చాలా పలచగా, మధ్యలో, ఒక పక్క ఎక్కువగా. ఈ ఒక్క మార్పుతోనే బొమ్మ గుంట కాస్తా నిజం గుంట అయింది. లేత్ షాపులో అడిగి తెచ్చిన ఇనప రజను రెక్కల వెంబడి చిటికెడు చల్లాను. చిరిగిన కామఫ్లాజ్ వల ఆపరేషన్ కిట్‌లో మిగిలిన గాజ్ గుడ్డ, టీ డికాక్షన్‌లో నానబెట్టింది. బోఫోర్స్ మొత్తం చేసే టైం లేదు, బోర్డు అంచున దాని వెనక కాళ్ల చివరలు మాత్రం కనిపించేట్టు పెట్టాను.

మనుషులు మిగిలారు. గుంట పక్కన ఒక జవాను పడి ఉన్నట్టు పెట్టాలన్నది నా ఆలోచన. బొమ్మ కూడా సిద్ధం చేసుకున్నా. రాత్రి భోజనాలయ్యాక చూపించా.

పెదనాన్న ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఫొటోలో ఎడమ నుంచి రెండోవాడి గురించి చెప్పాడు. కర్ణాటక పిల్లోడు, ఇరవై మూడేళ్లు. తెల్లారుజామున అందరికీ టీ కాచేవాడు. షెల్ పడ్డప్పుడు గన్ దగ్గర కూడా లేడు, కెటిల్ తీసుకుని వస్తున్నాడు. "వాణ్ని కిందికి పంపించినాక అరగంటకి సాబ్ వచ్చి దారం పట్టుకో అన్నాడు. పట్టుకున్నా. ఆయన కంపాస్ చూసి నంబరు చెప్పినాడు, నేను రాసుకున్నా. మధ్యాన్నం మేం ఆ దిక్కుకే కొట్టినాం. తగిలిందో లేదో నాకు తెల్దు."

కాసేపాగి, "మనిషి వద్దురా ఇందులో" అన్నాడు.

బొమ్మ తీసేశా. ఇప్పుడు బోర్డు మీద ఇద్దరే ఉన్నారు. ఒకరు గుంట మధ్యలో మోకాలి మీద కూర్చుని దారం కొస పట్టుకున్నాడు. ఇంకొకరు కంపాస్ కంటికి ఆనించుకున్నాడు. దారం పట్టు చీర పోగు. కెటిల్ ఒకటి, సగం మట్టిలో. అది పెట్టమని పెదనాన్న చెప్పలేదు, వద్దనీ అనలేదు.

ఊరికి బయల్దేరే రోజు పొద్దున్నే లేచి టేబుల్ దగ్గరికొచ్చాడు. "ఉత్తరం ఎటురా ఈడ?" ఫోన్‌లో కంపాస్ తీసి చూపించా. వంటింటి వైపు. రెండు చేతులతో బోర్డుని పట్టుకుని, పెద్దమ్మ వేసిన రెక్కలు తూర్పు పడమరలకి వచ్చేదాకా మెల్లగా తిప్పాడు. తర్వాత బ్యాగు తీసుకున్నాడు.

ప్రదర్శనలో అందరి బోర్డులూ టేబుల్ అంచుకి సమానంగా, చక్కగా పెట్టి ఉన్నాయి. నాది ఒక్కటే ఐమూలగా ఉంది. ఏర్పాట్లు చూసే అబ్బాయి రెండుసార్లు వచ్చి సరిగ్గా జరిపి వెళ్లాడు. రెండుసార్లూ నేను ఫోన్ తీసి మళ్లీ తిప్పుకున్నాను.